టోపీ తీసినా ఆగని చెమట

"బిడ్డకు చెమటలు బాగా పోస్తున్నాయి డాక్టర్" అంటూ ఒక తల్లి మీ బల్ల ముందు కూర్చున్నప్పుడు, ఆమె మాట పూర్తి కాకముందే మీ నోట్లో సిద్ధంగా ఉండే జవాబు ఏది? నిజం చెప్పండి. 'ఎండాకాలం కదమ్మా' అంటారా? 'పిల్లలకు అది మామూలే' అంటారా? లేక గుండె పరీక్ష ఒకటి రాసిచ్చి ఆమెకు నిద్ర లేకుండా చేస్తారా? ఈ మూడింటిలో ఏది అన్నా మీరు బిడ్డను చూడకముందే అన్నారు.

పిల్లల వైద్యంలోకి కొత్తగా వస్తున్న మీలాంటి వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నేను పని మానేసి ఎంతో కాలం కాలేదు. చివరి కొన్నేళ్ళు తార్నాకలో ఒక చిన్న పిల్లల క్లినిక్కులో పనిచేశాను. ఒక పక్క విశ్వవిద్యాలయం, దాని గోడకు ఆనుకుని మాణికేశ్వర్ నగర్, ఇంకాస్త అవతల వారాసిగూడ, అడిక్‌మెట్. ప్రొఫెసరు మనవడు, ఆటో నడిపేవాడి కూతురు ఒకే బెంచీ మీద పక్కపక్కన ఏడ్చేవాళ్ళు. చెమట విషయంలో ఆ రెండు ఇళ్ళకూ పెద్ద తేడా ఉండేది కాదు.

జ్వరం గురించీ విరేచనాల గురించీ మీకు కాలేజీలో చెప్పి ఉంటారు. చెమట గురించి ఎవరూ పాఠం చెప్పరు. అది జబ్బులా కనిపించదు. అందుకే దాని మీద అందరికీ అభిప్రాయాలుంటాయి. దాన్ని చూసే ఓపిక మాత్రం ఎవరికీ ఉండదు.

నా గురించి ఒక్క మాట. చదువుకునే రోజుల్లో ఇదే క్యాంపస్ హాస్టల్ మెట్ల మీద కూర్చుని హేతువాద మిత్రులతో కలిసి గొంతు పోయేదాకా వాదించేదాన్ని. దిష్టి, తాయెత్తు, గ్రహబలం, దేన్నీ వదిలేవాళ్ళం కాదు. ఒక నమ్మకాన్ని వాదనలో ఓడించడం అక్కడ నేర్చుకున్నాను. గెలిచిన తరువాత ఏం చేయాలో అక్కడ ఎవరూ నేర్పలేదు. అది క్లినిక్కులో నేర్చుకోవలసి వచ్చింది.

కిటికీలు మూసిన గది

ముందు మామూలు చెమట సంగతి. మీరు చూడబోయే చెమటల్లో చాలా భాగం ఇదే.

ఒక ఏప్రిల్ మధ్యాహ్నం యూనివర్సిటీ క్వార్టర్స్ నుంచి రసాయనశాస్త్రం చెప్పే ఒక కుర్ర లెక్చరర్ ఫోన్ చేశాడు. నెల నిండిన కొడుక్కి తల మొత్తం తడిసిపోతోందట. క్లినిక్కు నుంచి ఇంటికి పోయే దారే కాబట్టి వెళ్ళాను. గదిలో అడుగుపెడితే సాంబ్రాణి పొగ. కిటికీలు బిగించి వాటికి దుప్పటి కట్టారు. బిడ్డకు ఉన్ని టోపీ, చెవుల్లో దూది, చేతులకు తొడుగులు, కాళ్ళకు మేజోళ్ళు, వాటన్నిటి మీద మందపాటి రగ్గు. ముఖం ఒక్కటే బయటికి ఉంది. అది ఎర్రగా కందిపోయి ఉంది.

"లోపల ఏదో ఇన్ఫెక్షన్ ఉందనిపిస్తోంది మేడం. బ్లడ్ టెస్ట్ చేయిద్దామా?" అన్నాడు ఆ తండ్రి.

"మీరేం వేసుకున్నారు?" అన్నాను.

తన ఒంటి వైపు చూసుకున్నాడు. "బనియన్."

"ఎందుకు?"

"ఉక్కగా ఉంది కదా మేడం."

"మీ వాడికి ఉక్క ఉండదా?"

నవ్వేశాడు. బాలింతకు సాయంగా వచ్చిన అత్తగారు మాత్రం నవ్వలేదు. "పచ్చి ఒళ్ళు డాక్టరమ్మా. గాలి తగిల్తే ఎట్ల?"

"గాలి తగలకపోతే ఎట్ల అమ్మా?" అంటూ టోపీ తీశాను. బిడ్డ తల మీంచి ఆవిరి లేచిందంటే మీరు నమ్మరు గాని, నాకు అలాగే అనిపించింది. రగ్గు తీసి, కిటికీ తెరిచి, ఫ్యాన్ మెల్లగా పెట్టించి, పలుచని నూలు చొక్కా ఒకటి వేయమన్నాను. నేను కాఫీ తాగేలోపు చెమట ఆరింది. వాడు హాయిగా నిద్రపోయాడు. రక్తపరీక్ష అవసరం లేకపోయింది.

ఆ లెక్చరర్‌కు నేను చెప్పినదే మీకూ చెబుతాను. చెమట గ్రంథులు పెద్దయ్యాక కొత్తగా మొలవవు. జీవితాంతం మనకు ఉండేవి దాదాపు అన్నీ పుట్టేనాటికే ఉంటాయి. అంత చిన్న ఒంటి మీద అవన్నీ కిక్కిరిసి ఉంటాయి. అయితే అన్నీ ఒకేసారి పని మొదలుపెట్టవు. ముందు నుదురూ తలా, ఆ తరువాతే ఛాతీ, చేతులు. అందుకే పసివాళ్ళ దిండు తడుస్తుంది, పక్క పొడిగా ఉంటుంది. ఒంటితో పోలిస్తే వాళ్ళ తల పెద్దది. లోపలి వేడిలో పెద్ద వాటా అటునుంచే బయటికి పోవాలి. దాని మీద ఉన్ని టోపీ పెట్టడమంటే ఉడుకుతున్న కుక్కర్ విజిల్‌ను వేలితో నొక్కి పట్టడమే.

ఇంకో సంగతి. ఒంటి వేడిని ఎప్పుడు ఎంత దించాలో చెప్పే మెదడు భాగం వాళ్ళలో ఇంకా పని నేర్చుకుంటూ ఉంటుంది. కొత్తగా స్కూటర్ పట్టినవాడు బ్రేకు నొక్కినట్టు అది ఒక్కోసారి అవసరానికి మించి నొక్కుతుంది. పైగా పెరిగే ఒంట్లో వేడి పుట్టడం ఎక్కువ. గాఢనిద్రలో ఉన్న పసిబిడ్డ పక్కకు దొర్లలేదు, దుప్పటి తన్నేసుకోలేదు. ఏడుపు కూడా శ్రమే. పాలు తాగడమూ శ్రమే. తల్లి మోచేతి మడతలో తల ఆనించి తాగుతుంటే నుదురు కాస్త తడవడం వింత కాదు. నడక వచ్చిన పిల్లలైతే రోజంతా పరుగే. వాళ్ళకు చెమట పట్టకపోతేనే నేను ఆలోచిస్తాను.

చేతులు చల్లగా ఉన్నాయని తల్లులు కప్పుతారు. పసివాళ్ళ చేతులూ కాళ్ళూ చల్లగా ఉండటం సహజం. చూడవలసింది మెడ వెనుక. అక్కడ వేలు పెడితే వేడిగా, జిగటగా ఉందంటే బట్టలు ఎక్కువయ్యాయని అర్థం. చెమటకాయలకు డబ్బా పౌడరు వద్దనండి. అది చర్మానికి చేసే మేలు కంటే ఊపిరితిత్తులకు చేసే కీడు ఎక్కువ. మరీ కప్పి పడుకోబెట్టడం ఉక్కతో ఆగే ముచ్చట కాదు, నిద్రలో ప్రాణానికే ముప్పు కావచ్చు. ఈ మాట మెత్తగా చెప్పకండి, గట్టిగా చెప్పండి.

టోపీల డాక్టరు

ఆ క్లినిక్కు పెద్దాయన డాక్టర్ దానియేలు గారు. కోస్తాంధ్ర నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ బడిపంతుళ్ళ కుటుంబం. డెబ్బై దాటినా ఉదయం అందరికంటే ముందు వచ్చేవారు. పిల్లల టోపీల మీద ఆయనకు ఉన్న పగ నాకు దిష్టిబొమ్మల మీద కూడా లేదు. బిడ్డ లోపలికి రాగానే టోపీ తీసి బల్ల మీద పడేసేవారు. మధ్యాహ్నానికి అక్కడ రంగురంగుల గుట్ట తయారయ్యేది. పేటలో ఆయన పేరు టోపీల డాక్టరు.

"ఏమ్మా, ఇది ఏ నెల?"

"మే నెల సార్."

"ఇది ఏ ఊరు?"

"హైదరాబాద్ సార్."

"మరి కాశ్మీరుకు టికెట్లు ఎప్పుడు కొన్నారు? నాకు చెప్పనే లేదే!"

బెంచీ మీద ఉన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. టోపీ పెట్టిన నాయనమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. "మా వాళ్ళు చెవుల్లో దూది పెడతారు, మీ వాళ్ళు మాడు మీద ఆముదం పెడతారు. చెమట మాత్రం ఇద్దరికీ ఒకటే భాషలో పోస్తుందమ్మా" అనేవారు నాతో.

ఆయన చేసింది మంచి పని. మాటలతో కాదు, పట్టుదలతో చేశారు. ఆ చుట్టుపక్కల వీధుల్లో ఎండాకాలం పసివాళ్ళు బోడితలలతో తిరగడం మొదలుపెట్టారంటే అది ఆయన చలవే. నేను చూసిన హేతువాదుల్లో సభలు పెట్టకుండా గెలిచింది ఆయన ఒక్కరే.

అయితే గెలుపులో ఒక ప్రమాదం ఉంది. వందల మందికి నిజమైన మాట మన నాలుకకు అలవాటైపోతుంది. అలవాటైన మాట మనిషిని చూడకుండానే బయటికి వస్తుంది. చూడకుండా చెప్పే మాట ఎంత శాస్త్రీయమైనదైనా దానికీ తాయెత్తుకూ తేడా లేదు. రెండూ అందరికీ ఒకే కొలతకు కడతాం.

స్వరూప మళ్ళీ వచ్చింది

స్వరూపది మాణికేశ్వర్ నగర్. భర్త రమేశ్ ఆటో నడుపుతాడు. రెండు నెలలు దాటిన ఆడబిడ్డ, మొదటి కాన్పు. ఇంట్లో చిన్ని అని పిలుచుకునేవాళ్ళు. ఆమె వెంట ఎప్పుడూ అత్త మల్లమ్మ ఉండేది.

మొదటిసారి వచ్చినప్పుడు దానియేలు గారు టోపీ తీశారు. రెండోసారి ఆమె టోపీ లేకుండానే తెచ్చింది. ఆయన మెచ్చుకుని, ఫ్యాను కింద పడుకోబెట్టమన్నారు. స్టెతస్కోపు పెట్టారు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. బయట బెంచీ నిండా జనం. ఏడుపులో ఏమీ వినపడలేదు. పంపేశారు.

మూడోసారి నా గదికి వచ్చింది. కూర్చోగానే అత్త అందుకుంది.

"వద్దంటే ఇనదు డాక్టరమ్మా. పెద్దసారు రెండుసార్లు జెప్పిండు, ఏం గాదని. దీనికి ఫికరు ఎక్కువ."

"ఫ్యాన్ కింద పండవెట్టినా గట్లనే ఉన్నది మేడం" అంది స్వరూప. గొంతు చిన్నది గాని తగ్గలేదు. "టోపీ లేదు, ఏం లేదు. అయినా నెత్తి మొత్తం తడుస్తది."

నేను అడిగింది ఒక్కటే ప్రశ్న. మీరూ ఎప్పుడూ మొదట అదే అడగండి. "ఎప్పుడు?"

"పాలు తాగేటప్పుడు."

"కొంగు కప్పి తాపుతది గద, గాలాడక చెమటలు వడ్తయ్" అంది మల్లమ్మ వెంటనే.

ఆ మాటలో తప్పేమీ లేదు. నిండా కొంగు కప్పితే ఎవరికైనా చెమట పడుతుంది. ఇంకో రోజైతే నేనూ ఊ కొట్టేదాన్నేమో. కానీ బిడ్డను తూకం మీద పెట్టాను. పోయినసారికీ ఇప్పటికీ బరువు పెరగలేదనే చెప్పాలి. పడుకుని ఉన్నప్పుడు కూడా ఊపిరి కాస్త వేగంగానే ఉంది.

"స్వరూపా, ఇక్కడ పాలు పట్టు. కొంగు కప్పకుండా. నేను చూడాలి."

మల్లమ్మ లేచి నిలబడింది. "ఈడనా? గింత మందిల?"

"లోపల ఇంజెక్షన్ గది ఉంది. గడియ పెడతాను. మనం ముగ్గురమే."

"అది గాదమ్మా. తాగే బిడ్డను సూడొద్దు. కన్నతల్లి దిష్టే అన్నిట్ల పెద్ద దిష్టి. ఇది గూడ తాపుకుంట మొకం గోడ దిక్కు తిప్పుకుంటది. నేనే జెప్పిన."

"ఇంట్లో ఫోన్‌లో వీడియో అయినా తీసి చూపించమంటే?"

"ఫోన్లనా? అది ఏడేడికి వోతదో! మా కొడుకు ఇంట్లకెల్లి ఎల్లగొడ్తడు."

కొంగు కింద

మొత్తానికి లోపలికి వచ్చారు. ఎలా వచ్చారంటే, అత్త జవాబు కోసం స్వరూప ఆగలేదు. బిడ్డను ఎత్తుకుని తనే ముందు నడిచింది. మల్లమ్మ సణుగుతూ వెనుక వచ్చి, తలుపుకు వీపు ఆనించి కాపలా నిలబడింది.

కొంగు పక్కకు తీసి బిడ్డను రొమ్ముకు పెట్టుకుని, అలవాటు ప్రకారం స్వరూప ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"ఇటు చూడు" అన్నాను.

"నేను సూడొచ్చునా మేడం?"

హాస్టల్ మెట్ల మీద ఉండి ఉంటే ఆ ప్రశ్నకు నేను పెద్ద ఉపన్యాసమే ఇచ్చేదాన్ని. "నీ బిడ్డను నువ్వు కాక ఎవరు చూస్తారమ్మా" అని మాత్రం అన్నాను.

చూసింది. మేం ముగ్గురం చూశాం. ఆకలిగా నోరు పట్టి నాలుగు గుక్కలు తాగి చిన్ని ఆగిపోయింది. నోరు వదిలి, ఎక్కడి నుంచో పరుగెత్తుకొచ్చినట్టు రొప్పింది. పక్కటెముకల కింద చర్మం లోపలికి లాగుతోంది. ఫ్యాను నెత్తి మీదే తిరుగుతోంది, ఒంటి మీద గుడ్డ కూడా లేదు. అయినా ముందు పై పెదవి మీద, ఆ తరువాత నుదుటి మీద, కణతల మీద చెమట చుక్కలు లేచాయి. తాకితే చల్లగా ఉన్నాయి. మళ్ళీ తాగింది. మళ్ళీ ఆగింది. ఆకలి తీరకముందే అలసిపోయి కళ్ళు మూసుకుంది. తల్లి చెయ్యి తడిసిపోయింది.

"గిట్లనా తాగుతది?" అంది స్వరూప. నన్ను అడగలేదు. తనలో తను అనుకుంది. ఆ రొమ్ము దగ్గరే పుట్టినప్పటి నుంచీ ఉన్న బిడ్డ తాగేటప్పుడు ఎలా ఉంటుందో ఆమె మొదటిసారి చూసింది.

బిడ్డ ఊరుకుని ఉంది గనుక స్టెతస్కోపు పెట్టాను. గుండె శబ్దంలో కొట్టుకునే మోతతో పాటు గాలి ఊదినట్టు ఇంకో శబ్దం ఉంది. కుడి డొక్క కింద కాలేయం ఉండవలసిన దానికంటే కిందికి చేతికి తగిలింది.

దానియేలు గారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన తల ఎత్తలేదు. "చెమట చూసి గుండె అంటున్నారా డాక్టరుగారూ? ఈ మాట బయటికి పోతే రేపు పేటంతా మన గుమ్మంలో ఉంటుంది."

"చెమట చూసి కాదు సర్. పాలు తాగడం చూసి. మీరూ ఒకసారి చూడండి."

"నేనా? మగవాణ్ణి, ఆ పిల్ల ఒప్పుకుంటుందా?"

ఒప్పుకుంది. బిడ్డ మళ్ళీ లేచి ఆకలికి ఏడ్చేదాకా ఆగి, మల్లమ్మ ఏదో అనబోతుంటే స్వరూపే, "రానీ అత్తమ్మా, డాక్టరే గద" అంది. ఆయన స్టూలు లాక్కుని గోడ పక్కన కూర్చున్నారు. బయట బెంచీ మీద జనం గొణుగుతున్నా లేవలేదు. బిడ్డ తాగడం, ఆగడం, రొప్పడం, తడవడం అంతా చూశారు. ఆ తరువాత స్టెతస్కోపు చాలాసేపు పెట్టి ఉంచారు. లేచేటప్పుడు నాతో మెల్లగా అన్నారు: "రెండుసార్లు దీని టోపీ చూశానమ్మా. దీన్ని చూడలేదు."

ఆ తల్లికి మేం చెప్పింది ఇది. గుండెలో కింది రెండు గదుల మధ్య గోడలో రంధ్రం ఉండి ఉండవచ్చు. పుట్టినప్పుడు అంతా బాగుందని చెప్పిన డాక్టరు అబద్ధం చెప్పలేదు. మొదటి వారాల్లో ఊపిరితిత్తుల్లో ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది, రంధ్రం గుండా పెద్దగా రక్తం పోదు, శబ్దమూ వినపడదు. ఆ ఒత్తిడి తగ్గేకొద్దీ రక్తం అటు దారి తప్పి ఊపిరితిత్తులు నిండుతాయి, గుండె మీద రెట్టింపు పని పడుతుంది. పసిబిడ్డకు మెట్లెక్కడం, పరుగెత్తడం ఉండవు. పాలు తాగడమే దాని పరుగు. గుండె జబ్బున్న పెద్దవాడు మెట్ల మీద ఎలా చెమటలు కక్కుతాడో ఈ బిడ్డ తల్లి ఒళ్ళో అలా కక్కుతోంది. పెద్దాసుపత్రికి చీటీ రాసి, రేపే వెళ్ళమన్నాం.

పేరు పడుతుందన్న భయం

వాళ్ళు వెళ్ళలేదు.

మర్నాడు ఆ ఆసుపత్రిలో ఉన్న, ఒకప్పుడు మా దగ్గర పని నేర్చుకున్న కుర్ర డాక్టరు ఒకతన్ని అడిగితే అలాంటి బిడ్డ రాలేదన్నాడు. రమేశ్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. సాయంత్రం నేను బయల్దేరుతుంటే దానియేలు గారూ చెప్పులు వేసుకున్నారు. క్యాంపస్ గోడ వెంట నడిచి ఆ సందులోకి వెళ్ళాం. ఒక్క గది ఇల్లు. గుమ్మంలో ఆటో. చిన్ని నల్లతాడుకు కట్టిన కొత్త తాయెత్తుతో చాప మీద పడుకుని ఉంది. ఊపిరి వేగం పెరిగింది.

రమేశ్ మర్యాదగానే లేచాడు. "చాయ్ తాగుతరా సార్?" అని, ఆ వెంటనే గొంతు తగ్గించి, "జర మెల్లగ మాట్లాడుండ్రి. పక్కింట్ల ఇనవడ్తది" అన్నాడు.

"ఎందుకు పోలేదు?" అన్నాను.

"పోతం మేడం. తాయెత్తు కట్టిచ్చినం, జర చూసి..."

"రమేశ్, నిజం చెప్పు."

అతను తల్లి వైపు చూశాడు. మల్లమ్మ చెప్పింది. "ఆడపిల్ల డాక్టరమ్మా. గుండెల రంధ్రం అని పేరు వడ్తే రేపు పెండ్లెట్ల అయితది? ఛాతి మీద కుట్లు సూసి ఎవడు జేస్కుంటడు? మొగపిల్లగాడైతే మాట ఏరె."

ఇన్నేళ్ళ పనిలో నేను ఎదుర్కొన్న మూఢత్వాల్లో దిష్టి చాలా చిన్నది. పెద్దది ఇదిగో, ఇది. రెండు నెలల బిడ్డ ఊపిరి కోసం పెనుగులాడుతోంది. ఆ గదిలో మాత్రం చర్చ నడుస్తున్నది ఎప్పుడో ఎక్కడి నుంచో రాబోయే పెళ్ళికొడుకు ఇష్టాయిష్టాల మీద. పుట్టాడో లేదో తెలియని మగవాడికి ఆ ఇంట్లో ఓటు ఉంది. పుట్టి చాప మీద పడి ఉన్న ఆడబిడ్డకు లేదు. తాయెత్తు కట్టే చేతిని మనం వెక్కిరిస్తాం. ఈ లెక్క వేసే బుర్రను మాత్రం 'లోకజ్ఞానం' అని పిలుస్తాం. డిగ్రీలున్న ఇళ్ళల్లో కూడా ఈ లెక్క వేయడం చూశాను. వాళ్ళు ఇంగ్లీషులో వేస్తారు, అంతే తేడా.

ఇదంతా అక్కడే అనబోయాను. నోరు తెరిచాను కూడా. దానియేలు గారు నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపారు. చాప పక్కన కూర్చుని, "మల్లమ్మా, దీన్ని ఒకసారి ఎత్తుకోండి" అన్నారు. ఆమె ఎత్తుకుంది. "స్వరూపా, పాలు పట్టమ్మా. మీ అత్తను, మీ ఆయనను చూడనివ్వు."

రమేశ్ బిడ్డ తాగడం ఎన్నడూ చూసినవాడు కాదు. బిడ్డ నోరు వదిలి రొప్పుతుంటే అతను కూడా ఊపిరి బిగపట్టాడు. నుదుటి మీద చెమట లేచింది. స్వరూప దాన్ని తుడవలేదు. అందరికీ కనపడేలా అలాగే ఉంచింది.

"పేరు వడ్తే వడనీ అత్తమ్మా" అంది. "పేరు వడనీకె పిల్ల ఉండాలె గద."

రమేశ్ మేకుకు వేలాడుతున్న ఆటో తాళం తీసుకున్నాడు. మల్లమ్మ గబగబా రెండు గుడ్డలు సంచిలో కుక్కింది. "నేను గూడ వస్త. నువ్వు పాలిచ్చేటప్పుడు కొంగు వట్టేది ఎవలు?" అని, మళ్ళీ తనే, "మీద కప్పను తియ్యి, అడ్డం వట్టుకుంట" అంది.

స్కాన్‌లో రంధ్రం కనిపించింది. వెంటనే కత్తి పట్టలేదు. గుండె భారం తగ్గించే మందులు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పాలు, వారం వారం తూకం. ఆ వారాలు మాకందరికీ బరువుగా గడిచాయి. ఒకసారి దగ్గు పట్టుకుని బిడ్డ చేయి దాటిపోయిందనుకున్నాం. తట్టుకుంది. కాస్త ఒళ్ళు చేశాక ఆపరేషన్ చేశారు.

ఈలోగా దానియేలు గారు భయపడినట్టే జరిగింది. చెమట పడితే గుండె జబ్బట అని ఆ సందులో పుట్టిన మాట ఫోన్లలో వాట్సాప్ గుంపులు దాటి అడిక్‌మెట్ దాకా పాకింది. చెమట పట్టిన ప్రతి బిడ్డా మా బెంచీ మీదికి వచ్చింది. ఏడుస్తున్న తల్లులు, పరీక్షలు రాయమని తగువు పడే తండ్రులు. ఒకరోజు నేను విసుక్కుంటే ఆయన అన్నారు: "విసుక్కోకండి. నిన్నటిదాకా మనం అందరికీ 'ఏమీ లేదు' అన్నాం. ఇవాళ వాళ్ళు అందరికీ 'ఉంది' అంటున్నారు. రెండూ ఒకటే పని." ఆ రోజు నుంచి ఇంజెక్షన్ గదిలో ఒక కుర్చీ శాశ్వతంగా వేయించారు. అక్కడ పాలు పట్టిన బిడ్డల్లో దాదాపు అందరూ నుదుటి మీద కాస్త తడితో, మధ్యలో ఆగకుండా, కడుపు నిండా తాగి నవ్వినవాళ్ళే. వాళ్ళ తల్లులను ధైర్యంగా ఇంటికి పంపాం. చూసి పంపాం. అదీ తేడా.

ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకు స్వరూప బిడ్డను తెచ్చింది. ఛాతీ మధ్య గీతలా మచ్చ. దాన్ని దాచడానికి గొంతు దాకా గుండీలు పెట్టలేదు. పాలకు ఏడిస్తే అక్కడే, ఆ కుర్చీలోనే కూర్చుంది. చిన్ని ఆగకుండా తాగింది, తాగుతూ తల్లి ముక్కు పట్టుకోబోయింది. మల్లమ్మ వంగి, బిడ్డ ముఖంలోకి ముఖం పెట్టి, దిష్టి సంగతే మరిచి చూస్తూ ఉండిపోయింది. "సుక్క లేదు డాక్టరమ్మా" అంది. "మొకం మీద సుక్క చెమట లేదు."

ఇక మీ పని

మీకు తీరిక లేదని నాకు తెలుసు. బెంచీ నిండా జనం ఉంటారు. బిడ్డ తాగడం పూర్తయ్యేదాకా కూర్చుంటే ఆ పూట నలుగురు పేషెంట్లు తగ్గుతారు, మీ పైవాళ్ళు ముఖం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి. చెమటతో వచ్చే పిల్లల్లో చాలామందికి కావలసింది పలుచని చొక్కా, తెరిచిన కిటికీ. అక్కడ పరీక్షలు రాసి భయపెట్టకండి. కానీ పాలు తాగుతూ ఆగి ఆగి రొప్పే బిడ్డను, బరువు పెరగని బిడ్డను, చల్లటి చెమటతో వాడిపోయిన బిడ్డను, పెదవులు నీలంగా మారే బిడ్డను మీ నోటి మాటతో ఇంటికి పంపకండి. ఆడబిడ్డ జబ్బును దాచమని అడిగే ఇంటికి వెళ్ళండి. రెండోసారి కూడా వెళ్ళండి.

రేపు ఉదయం మీ గదిలో ఒక మూల తెర కట్టించండి. దాని వెనుక తల్లికి ఒక కుర్చీ, మీకొక స్టూలు వేయండి. చెమట గురించి అడిగే తల్లి రాగానే ఆమెను అక్కడ కూర్చోబెట్టి, కొంగు తీయమని చెప్పి, బిడ్డ కడుపు నిండేదాకా దాని ముఖం చూడండి. ఆ తరువాతే నోరు తెరవండి.